షెడ్డులో అన్ని బండ్లూ అర్జంటే అయినప్పుడు దేన్ని ముందు పట్టుకోవాలి?

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు, బస్సులకు బాడీలు కట్టే షెడ్డులో సూపర్‌వైజర్‌గా ఉన్నానని, 22 మంది పనివాళ్లున్నారని, లోపలా రోడ్డు వారనా కలిపి 11 బండ్లు నిలబడి ఉన్నాయని రాశారు. పొద్దున ఓనర్ గారు ఒక బండి కానివ్వమంటారు. మధ్యాహ్నానికి ఆయన తమ్ముడు గారు మేస్త్రీని ఇంకో బండి మీదికి పంపిస్తారు. సాయంత్రం పార్టీ, అంటే బండి ఇచ్చిన మనిషి, వచ్చి గేటు దగ్గర కుర్చీ వేసుకుంటే మళ్లీ మారిపోతుంది. అన్నిటికన్నా అర్జంటైనది ఏ అంటూ ఏ, బీ, సీ అని గుర్తులు పెట్టి చూస్తే వారం తిరక్కుండా అన్నీ ‘ఏ’ అయిపోయాయి. సుమారుగా మూడు రోజులకు ఒక బండి బయటికి పోతోంది. వరస ఎలా పెట్టాలి, పెట్టింది ఎలా నిలబెట్టాలి అన్నది మీ ప్రశ్న. నాలుగు గడుల అర్జంటు-ముఖ్యం పట్టిక పనికొస్తుందా, అర్జంటుకు ఎక్కువ రేటు తీసుకోవచ్చా అని కూడా అడిగారు.

గుర్తుల పద్ధతి ఎందుకు చెడిందో ముందు చూడండి. ‘ఏ’ అని రాయడానికి ఎవరికీ ఏమీ ఖర్చు కాదు. తమ్ముడు గారు తన పార్టీ బండికి ‘ఏ’ రాయిస్తే అప్పటికే ‘ఏ’లో ఉన్న నాలుగు బండ్లలో ఏదీ కిందికి దిగలేదు. కాబట్టి ఆయన ఎవరినీ కాదనాల్సిన పని పడలేదు. ఒకటి, రెండు, మూడు అని అంకెలు పెడితే ఆ వెసులుబాటు ఉండదు. రెండో స్థానంలో ఒకే బండి ఉంటుంది, ఇంకోటి అక్కడికి రావాలంటే ఇది మూడుకు దిగాలి. ఎవరిని దించుతున్నామో పేరు పెట్టి చెప్పాల్సి వచ్చినప్పుడే మనిషి నిజంగా ఆలోచిస్తాడు. అందుకని ఈరోజే గుర్తులు చెరిపేసి అంకెలు పెట్టండి. అయితే అంకెలొక్కటే మీ సమస్యను తీర్చవు. అసలు చిక్కు అంతకంటే ముందుంది.

11 బండ్లు ఒకేసారి చేతిలో పెట్టుకున్నారు. మూడు రోజులకు ఒకటి బయటికి వెళ్తోంది. అంటే ఒక్కో బండి సగటున 33 రోజులు మీ దగ్గర ఉంటోంది. జాన్ లిటిల్ అనే ఆయన 1961లో గణితంలో నిరూపించిన సూత్రం ఇది: లోపలున్న పనుల సంఖ్యను, రోజుకు పూర్తయ్యే పనుల సంఖ్యతో భాగిస్తే ఒక్కో పనికి పట్టే సగటు కాలం వస్తుంది. బ్యాంకు క్యూకైనా, కోల్డ్ స్టోరేజీకైనా, మీ షెడ్డుకైనా ఇదే లెక్క. లోపల 6 బండ్లే ఉంచి అదే వేగంతో పంపితే సగటు 18 రోజులకు దిగుతుంది. పనివాళ్లు పెరగలేదు, ఓవర్‌టైమ్ లేదు, నెలకు వెళ్లే బండ్ల సంఖ్యా తగ్గలేదు. 33 రోజుల్లో బండి మీద నిజంగా చెయ్యి పడిన రోజులు లెక్కపెడితే 12, 13 దాటవని నా అంచనా. మిగతా రోజులన్నీ అది ఎవరికోసమో ఎదురుచూస్తూ నిలబడి ఉన్నవే.

ఆరు ఎలా వచ్చిందంటే, పెయింటింగ్‌లో ఒకటి, పెయింటింగ్‌కు సిద్ధమై దాని ముందు ఒకటి, బాడీ కట్టుబడిలో రెండు, వైరింగు, ఫినిషింగులో ఒకటి, అర్జంటు కోసం ఖాళీగా ఉంచిన జాగా ఒకటి. మీ షెడ్డు కొలతను బట్టి అది ఏడు కావచ్చు, అయిదు కావచ్చు. ఆ అంకె ఎంతైనా గోడ మీద రాసి ఉండాలి. ఒకటి బయటికి వెళ్తేనే ఇంకోటి లోపలికి రావాలి.

ఇప్పుడున్న 11ని వెనక్కి పంపనక్కర్లేదు. కొత్తది ఏదీ మొదలుపెట్టకుండా, డెలివరీకి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నదాన్ని ముందు పూర్తిచేస్తూ రండి. మూడు రోజులకొకటి చొప్పున 15 రోజుల్లో ఆరుకు వస్తారు. ఆ రోజుల్లో వెల్డర్లకు పని తగ్గుతుంది, ఓనర్ గారికి కడుపు మండేది అక్కడే. ఖాళీగా కూర్చున్న వెల్డరును చూడలేకనే చాలామంది ఇంకో ఛాసిస్, అంటే బాడీ కట్టని బండి, లోపలికి తోయిస్తారు. దానికి బదులు వాళ్ల చేత నిచ్చెనలు, టూల్ బాక్సులు, బంపర్లు, సైడు డోర్ల ఫ్రేములు లాంటివి, ఏ బండికైనా ఒకే కొలత పనికొచ్చేవి, చేయించి పెట్టుకోండి. లేదా గ్రైండింగులో, పుట్టీ పనిలో పెయింటర్‌కు సాయం పెట్టండి. దాని ఫలితం ఇంకా ఎక్కువ. ఎందుకో తర్వాత చెబుతాను.

మిగతా పార్టీలు వేరే షెడ్డుకు పోతారని భయపడతారు. వాళ్లకు తేదీ ఇవ్వండి. కొత్త ఛాసిస్ పార్టీకైతే మీరిచ్చే తేదీ వల్ల లాభమే: ఫైనాన్స్ డబ్బు విడుదలైన దగ్గర్నుంచి వాయిదాల లెక్క మొదలవుతుంది, టెంపరరీ రిజిస్ట్రేషన్ గడువు కూడా కరుగుతూ ఉంటుంది. మీ దగ్గర జాగా దొరికే వారానికి ముందు షోరూంలో డెలివరీ తీసుకోమని చెబితే ఆయన బండి రోడ్డు వారన ఎండలో ఊరికే వాయిదా కట్టుకుంటూ నిలబడదు. రిపేరు బండ్ల వాళ్లయితే ఆ తేదీ దాకా కిరాయిలు తిప్పుకుంటారు. ‘రేపు తీసుకురండి, చూద్దాం’ అని లోపల పెట్టించుకుని నెల రోజులు తిప్పించుకునే షెడ్డు కంటే, ‘18వ తారీకు తీసుకురండి, 5న ఇచ్చేస్తాం’ అని చెప్పి ఇచ్చే షెడ్డుకే మళ్లీ వస్తారు.

ఇంత తేలికైతే ఓనర్లు 11 బండ్లు ఎందుకు పెట్టుకుంటారు? దీనికి జవాబు చాలా షెడ్లలో ఒకటే, అడ్వాన్సు. కొత్త పార్టీ ఇచ్చిన అడ్వాన్సుతో పాత పార్టీ బండికి చానెలు, షీటు కొంటారు. పాత బండి పూర్తయితే గాని దాని బాకీ రాదు, పూర్తి చేయడానికి చేతిలో డబ్బు లేదు, అందుకని ఇంకో ఛాసిస్ లోపలికి వస్తుంది. మీ ఓనర్ గారికి క్రమశిక్షణ లేదని అనుకోవద్దు. ఆయన వరసను డబ్బు నిర్ణయిస్తోంది. డబ్బు వచ్చే పద్ధతి మార్చకుండా బోర్డు మీద మీరు ఏ వరస రాసినా నెల దాటి నిలవదు.

బేరం కుదిరేటప్పుడే మొత్తాన్ని మూడు విడతలు చేయించండి. బుకింగ్‌కు 40 శాతం, కట్టుబడి పూర్తయి ప్రైమర్ పడ్డాక 40 శాతం, డెలివరీకి 20 శాతం అనుకుందాం. బుకింగ్ సొమ్ము ఆ బండి ఇనుముకు, షీటుకు సరిపోవాలి, అదొక్కటే ఇందులో గట్టిగా పట్టుకోవాల్సింది. రెండో విడత రాకపోతే ఆ బండి పెయింటింగ్ వరసలోకి ఎక్కదు, ఈ నియమం బోర్డు మీద అందరికీ కనబడాలి. కంపెనీల బండ్లు చేస్తుంటే ఇంకో మాట. మీ షెడ్డుకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉంటే, చిన్న సంస్థల కోసం చేసిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేనప్పుడు 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు మించకుండా కొన్నవాళ్లు డబ్బు కట్టాలి. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఆ గడువు దాటించి ఆ ఏడాదిలో కట్టకపోతే ఆ మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేకుండా 2024-25 మదింపు సంవత్సరం నుంచి ఆదాయపు పన్ను నిబంధన కూడా వచ్చింది. బిల్లు మీద ఉద్యమ్ నంబరు అచ్చు వేయించండి. వాళ్ల అకౌంట్స్ వాళ్లు దాన్ని చూస్తారు.

ఇక వరస. వరస పెట్టాల్సింది షెడ్డు మొత్తానికి కాదు, పని ఇరుక్కునే ఒక్క చోటికి. బాడీ షెడ్లలో అది చాలావరకు పెయింటింగ్, కొన్నిచోట్ల వైరింగు. ఊహించి చెప్పొద్దు, కొలవండి. ప్రతి బండి ముందద్దానికి లోపలివైపు ఒక కాగితం టేపుతో అంటించండి. కట్టుబడి, క్యాబిన్, గ్రైండింగు-పుట్టీ, ప్రైమర్, పెయింటు, అక్షరాలు, వైరింగు-రిఫ్లెక్టర్ టేపులు అని వరసలు గీసి, ప్రతి దశకు ఎప్పుడు మొదలు, ఎప్పుడు అయింది అని మేస్త్రీ చేత తేదీ, టైము రాయించండి. రెండు వారాల తర్వాత కాగితాలు విప్పి చూస్తే, ఏ దశ ముందు బండ్లు ఎక్కువ రోజులు నిలబడ్డాయో అదే ఇరుకు. ఏ పని ఎక్కువ రోజులు పట్టింది అని చూడొద్దు, ఏ పని కోసం బండ్లు ఎక్కువ రోజులు ఎదురుచూశాయో చూడండి. ఈ రెంటికీ చాలామంది తేడా గమనించరు. కట్టుబడికి ఆరు రోజులు పట్టవచ్చు, కానీ మూడు జట్లు ఉంటే దాని ముందు ఎవరూ ఆగరు. పెయింటింగ్‌కు మూడు రోజులే, కానీ రంగు కొట్టే గన్ పట్టే మనిషి ఒక్కడే.

పెయింటింగే ఇరుకు అనుకుందాం. అప్పుడు షెడ్డు నెల సంపాదన ఆ పెయింటర్ గన్ పట్టుకున్న గంటల మీదే ఉంటుంది. ఆయన పుట్టీ గీకుతూ, మాస్కింగ్ కాగితాలు అంటిస్తూ, టిన్నర్ కోసం షాపుకు పోతూ గడిపిన ప్రతి గంటా మొత్తం షెడ్డు పోగొట్టుకున్న గంటే. వెల్డింగ్ హెల్పర్లను అటు పంపమన్నది ఇందుకే. పెయింటింగ్ ముందు ఎప్పుడూ ఒక బండి సిద్ధంగా ఉండాలి. రెండు అక్కర్లేదు, సున్నా అసలే ఉండకూడదు.

ఆ ఒక్క చోట ఎవరు ముందు అన్నదానికి 1956లో డబ్ల్యూ.ఈ. స్మిత్ అనే ఆయన ఇచ్చిన లెక్క ఇప్పటికీ అన్నిటికన్నా సులువు. ఒక్కో బండి ఒక రోజు ఆలస్యమైతే ఎంత నష్టమో రాసుకోండి. దాన్ని ఆ బండికి ఇరుకు చోట పట్టే రోజులతో భాగించండి. ఎక్కువ వచ్చింది ముందు.

మూడు బండ్లు తీసుకుందాం. ఒకటి ట్యాంకరు, అన్నిటికన్నా ముందు వచ్చింది, పెయింటుకు 3 రోజులు, రోజు ఆలస్యానికి నష్టం 3,000. రెండోది కొత్త లారీ, 4 రోజులు, రోజుకు 6,000. మూడోది క్యాబిన్ దెబ్బతిన్న పాత లారీ, 1 రోజు పని, రోజుకు 2,500. భాగిస్తే ట్యాంకరుకు 1,000, కొత్త లారీకి 1,500, పాత లారీకి 2,500. కాబట్టి పాత లారీ, కొత్త లారీ, ట్యాంకరు. పాత లారీ 1వ రోజు, కొత్తది 5వ రోజు, ట్యాంకరు 8వ రోజు బయటికి వస్తాయి. నష్టం 2,500, 30,000, 24,000 కలిపి 56,500. ముందొచ్చిన వాళ్లకు ముందు అని ట్యాంకరు, కొత్త లారీ, పాత లారీ వరసలో చేస్తే 9,000, 42,000, 20,000 కలిపి 71,000. పెద్ద పార్టీ కదా అని కొత్త లారీ ముందు పెట్టి, తర్వాత ట్యాంకరు, చివర పాత లారీ చేస్తే 65,000. మూడింట్లోనూ పెయింటర్ అదే, ఎనిమిది రోజులు అవే. వరస ఒక్కటే మారి 14,500 తేడా వచ్చింది. చిన్న పనిని ‘ఎప్పుడైనా చేయొచ్చులే’ అని చివరికి తోసే అలవాటు ఎంత ఖరీదైనదో ఇందులో కనబడుతుంది.

రోజు నష్టం ఎంతో ఎలా తెలుస్తుందంటే, ఖచ్చితంగా తెలియనక్కర్లేదు. లారీకి నెల వాయిదా 60,000 అయితే రోజుకు 2,000. డ్రైవర్ జీతం, పోయిన కిరాయి మిగులు దానికి కలపండి, పార్టీని అడిగితే ఆయనే చెబుతాడు. మీ వైపు నష్టం కూడా కలపాలి: డెలివరీ రోజు రావాల్సిన 2 లక్షలు ఆగితే, నూటికి రెండు రూపాయల వడ్డీ లెక్కన నెలకు 4,000. రెండు, మూడు రెట్లు తేడా ఉన్న బండ్లను విడదీయగలిగితే చాలు. 1,500కూ 1,600కూ మధ్య వాదన పెట్టుకోవద్దు, ముందొచ్చింది ముందు చేసేయండి.

ఈ లెక్క పనిచేయని బండ్లు ఒక రకం ఉన్నాయి, తేదీ బిగిసిన బండ్లు. స్కూలు బస్సులే తీసుకోండి. మన రాష్ట్రంలో విద్యాసంస్థల బస్సుల ఫిట్‌నెస్ మే 15తో ముగుస్తుంది, బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. మే మధ్యలో ఆ బస్సు ఒక రోజు ఆలస్యమైతే నష్టం సున్నా. జూన్ 12 దాటితే ఒక్కసారిగా కొండంత. ఇలాంటివాటికి వెనక నుంచి లెక్క కట్టాలి. తనిఖీలో ఏదో ఒకటి తప్పుపట్టి మళ్లీ రమ్మంటారు, దానికి వారం వదలండి. అంటే జూన్ 4కు ఫిట్‌నెస్‌కు పోవాలి. అంతకుముందు రెండు రోజులు వైరింగు, టేపులు, ఎమర్జెన్సీ డోరు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె చూసుకోవడానికి. కాబట్టి పెయింటు జూన్ 1కి అయిపోవాలి. మొదలుపెట్టాల్సిన చివరి తేదీ అలా తేలుతుంది, ఆ తేదీ వచ్చేదాకా బస్సును మామూలు వరసలో ఉంచి, వచ్చిన రోజు ఒకటో స్థానానికి ఎక్కించండి. చిక్కంతా బస్సులన్నీ ఏప్రిల్ చివర పరీక్షలయ్యాకే ఖాళీ అవడంలో ఉంది. అయిదు వారాల్లో మీ పెయింటర్ ఎన్ని చేయగలడో అన్నిటికే మార్చిలో మాట ఇవ్వాలి. మేలో వచ్చిన పదో బస్సును కాదనడం కష్టం, మార్చిలో చెప్పడం తేలిక. మే నెల పెయింటర్ సామర్థ్యాన్ని జనవరి లెక్కన వేయొద్దు కూడా. బెజవాడ ఎండలో వేడెక్కిన రేకు మీద రంగు పరుచుకోకముందే ఆరిపోయి ఆరెంజ్ పీల్, అంటే కమలా తొక్కలాంటి గరుకు, వస్తుంది. గన్ పొద్దున 6 నుంచి 10 దాకా, మళ్లీ సాయంత్రమే నడుస్తుంది. సంక్రాంతికి, దసరాకు పనివాళ్లు ఊళ్లకు పోయే రోజులు కూడా ముందే తీసేయండి.

అర్జంటు పనులు ఎలాగూ వస్తాయి. వాటికి ఒక జాగా ఖాళీగా ఉంచమన్నాను, ఆ ఖాళీ చూసి ఓనర్ గారి చెయ్యి లాగుతుంది. ఆయనకు ఈ లెక్క చూపించండి. పనులు వేళా పాళా లేకుండా వస్తూ, ఒక్కోదానికి ఒక్కో కాలం పట్టేచోట, మనిషి 80 శాతం పనిలో ఉంటే కొత్త పని సగటున నాలుగు పనుల కాలం ఆగుతుంది. 90 శాతం ఉంటే తొమ్మిది, 95 శాతానికి పందొమ్మిది. చివరి 15 శాతం నింపడానికి ఎదురుచూపు దాదాపు అయిదింతలు అవుతుంది. ఇది ఆదర్శమైన క్యూకు కట్టిన లెక్క, మీ షెడ్డులో అంకెలు అలాగే రావు, కానీ వంపు అలాగే ఉంటుంది. పెయింటర్ వారంలో ఒక రోజుకు మాట ఇవ్వకుండా ఉంచండి. అర్జంటు రాకపోతే వరసలో తర్వాతి బండి మీదికి వెళ్తాడు, ఏమీ పోదు. అర్జంటు ఒక్కసారికి ఒక్కటే ఉండాలి. రెండోది వస్తే మొదటిది అయ్యాకే, లేదా మొదటిదాన్ని ఆపమని ఓనర్ గారే పేరు పెట్టి చెప్పాలి. ఏ బండి వెనక్కి జరిగిందో ఆ పార్టీకి అదే రోజు ఫోన్ వెళ్లాలి, ఆ ఫోన్ కూడా అర్జంటు అన్నవారే చేయాలి. ఈ ఒక్క నియమంతోనే చాలా అర్జంటులు తగ్గుతాయి.

మధ్యలో ఆపి ఇంకో బండి మీదికి పోవడం ఎక్కడ చేయవచ్చో, ఎక్కడ చేయకూడదో మేస్త్రీలకు తెలుసు, ఓనర్లకు గుర్తుండదు. గ్రైండింగు అయిన ఇనుము మీద ఆ పూటే ప్రైమర్ పడాలి. రాత్రి తేమకు వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు పొర వస్తుంది, మళ్లీ గీకాలి. పైకోటు (పైన కనబడే చివరి రంగు) మొదటి పొర వేసి రెండోది మానేసి పోతే అతుకు కనబడుతుంది. రంగు మార్చిన ప్రతిసారీ గన్, పైపు కడగాలి, మాస్కింగ్ మళ్లీ చేయాలి. కాబట్టి ఆపవచ్చు అన్న చోట్లు మూడే: కట్టుబడి పూర్తయ్యాక, ప్రైమర్ ఆరాక, పైకోటు పూర్తయ్యాక. దశ మధ్యలో ఎంత పెద్ద మనిషి ఫోన్ చేసినా బండి మారదు. దశ అయ్యాక వరస మార్చుకోవచ్చు.

అలాగే అన్నీ చేతికి రాకుండా ఏ బండీ మొదలుపెట్టొద్దు. సరిపడా చానెలు, షీటు, అడుగు చెక్క, లైట్లు, వైరు, రిఫ్లెక్టర్ టేపు, తాళాలు, బిజాగిరీలు, వీటితోపాటు పార్టీ సంతకం పెట్టిన కొలతల కాగితం, రంగు నంబరు, రాయాల్సిన అక్షరాలు. చివరి మూడింటినీ అందరూ చిన్నవి అనుకుంటారు. పైకోటు రోజున ‘మా అబ్బాయి వచ్చి రంగు చెబుతాడు’ అన్న ఒక్క మాటతో బండి నాలుగు రోజులు పెయింటింగ్ జాగాలోనే కూర్చుంటుంది, వెనక అన్నీ ఆగుతాయి.

వరసలోకి రానివ్వకూడని పనులు కొన్ని ఉంటాయి. కంప్రెసర్ ట్యాంకు కింది వాల్వు తిప్పి నీళ్లు వదలడం రోజూ పొద్దున అయిదు నిమిషాల పని. అది ఏ బండితోనూ పోటీ పెట్టుకోకూడదు, పెట్టుకుంటే ప్రతిరోజూ ఓడిపోతుంది, ఎందుకంటే ఈరోజు మానేస్తే ఈరోజు ఏమీ కాదు. ఎప్పుడో ఒకరోజు గాలితో నీటి చుక్క వచ్చి పైకోటు మీద బొబ్బలు లేస్తాయి, గీకి మళ్లీ వేయడానికి రెండు రోజులు, అది కూడా మీ ఇరుకు చోట. గన్ ముట్టుకునే ముందు వాల్వు, అంతే. ఎయిర్ ఫిల్టరు, వెల్డింగ్ కేబుళ్ల అతుకులు శనివారం సాయంత్రానికి కట్టేయండి. ఆఫీసులో ప్రతి నెలా 7న టీడీఎస్, 11న అమ్మకాల రిటర్ను జీఎస్‌టీఆర్-1, 15న పీఎఫ్, ఈఎస్‌ఐ, 20న జీఎస్టీ పన్ను కట్టే రిటర్ను 3బి కూడా ఇంతే. పీఎఫ్ 20 మంది నుంచి, ఈఎస్‌ఐ 10 మంది నుంచి కాబట్టి మీకు రెండూ ఉంటాయి. 3బి ఆలస్యమైతే పన్ను ఉన్న రిటర్నుకు రోజుకు 50 రూపాయల రుసుము, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. ఇవి క్యాలెండర్ పనులు, బోర్డు మీద వీటికి చోటు లేదు.

ఇంకో రకం పరిస్థితి ఉంది, అన్నీ ఒకేసారి పాడవుతూ ఉన్నప్పుడు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటప్పుడు ఒక్కో బండినీ విప్పి పూర్తి చేసి తర్వాతిది పట్టుకోవడం తప్పు. ఆగినకొద్దీ లోపల తుప్పు ముదురుతుంది, కాబట్టి పనిని రెండు ముక్కలు చేయాలి. మొదటి ముక్క, నష్టం ఆపేది: బ్యాటరీ తీసేయడం, ఎవరూ సెల్ఫ్ కొట్టకుండా తాళాలు తీసుకోవడం, ఇంజన్ ఆయిలు, గేరు ఆయిలు వదిలేయడం, ఫిల్టరు విప్పడం, లోపలి నీళ్లు తీసి ఆయిలు పట్టించడం. ఇది ప్రతి బండికీ వరసగా చేసేయాలి. విప్పి బాగుచేసే రెండో ముక్కకు తీరిగ్గా పైన చెప్పిన భాగహారం లెక్క వేసుకోవచ్చు. మామూలు రోజుల్లో కూడా ఈ ముక్కలు చేయడం పనికొస్తుంది. ఎన్నో ‘అర్జంటు’ల్లో నిజంగా అర్జంటైనది మొదటి గంట పనే.

కాంట్రాక్టు సంగతి మర్చిపోవద్దు. పెయింటర్‌కు బండికింత అని ఇస్తుంటే ఆయన తేలిగ్గా అయ్యే బండే ముందు పట్టుకుంటాడు, మీ బోర్డు ఏం చెప్పినా. ఆయన తప్పేం లేదు, రేటే అలా చెబుతోంది. బండి రేటు అలాగే ఉంచి, బోర్డు వరస ప్రకారం పూర్తి చేసిన వారానికి అదనంగా కొంత కలపండి. బయటి వైరింగు మేస్త్రీ నాలుగు షెడ్లకు తిరిగేవాడైతే వారంలో మీ రోజులు రెండు ఖాయం చేసుకోండి, పని లేకపోయినా ఆ రోజు కూలి ఇచ్చేట్టుగా. వైరు కోసం నిలబడిన ఒక్క బండి ఖర్చు దానికంటే ఎక్కువ.

బోర్డు గేటు దగ్గర కాకుండా పెయింటింగ్ జాగా పక్కన పెట్టండి. బండి నంబరు చివరి నాలుగు అంకెలు, స్థానం, మాట ఇచ్చిన తేదీ, ఇప్పుడున్న దశ, ఆగి ఉంటే దేనికోసం, ఇంతే. పొద్దున 8.30కి పది నిమిషాలు ఓనర్ గారు, తమ్ముడు గారు, మీరు, మేస్త్రీలు అక్కడే నిలబడి మాట్లాడండి. వరస మారేది ఆ పది నిమిషాల్లోనే. తర్వాత ఎవరు మార్చమన్నా రేపు పొద్దున. మేస్త్రీకి చెప్పే నోరు ఒకటే ఉండాలి, అది మీది. తమ్ముడు గారికి పార్టీలతో మాట్లాడే పని ఉంది, ఆయన చేతికి మాట ఇవ్వడానికి ఖాళీ ఉన్న తేదీల జాబితా ఇవ్వండి. జాబితా లేకే ఆయన ‘వారంలో అయిపోతుంది’ అంటున్నారు.

ఓనర్ గారు పది నిమిషాల తర్వాత వచ్చి మార్చమంటే కాదనకండి. ‘అలాగేనండి, దీన్ని రెండో స్థానంలో పెడతాను. 4417ను వెనక్కి జరపమంటారా, ట్యాంకరునా?’ అని అడగండి. ఎదురు చెప్పినట్టు ఉండదు, నిర్ణయం ఆయనదే, కాకపోతే మొత్తం నిర్ణయం ఆయన చేయాల్సి వస్తుంది. చాలాసార్లు ‘సరేలే, రేపు చూద్దాం’ అంటారు.

మీరు చివర్లో అడిగిన నాలుగు గడుల అర్జంటు-ముఖ్యం పట్టిక (పని అర్జంటా కాదా, ముఖ్యమా కాదా అని విడదీసేది) ఒక మనిషి తన రోజు సర్దుకోవడానికి బాగుంటుంది. 22 మంది షెడ్డుకు సరిపోదు, ఎందుకంటే అందులో ఎంత పని పడుతుంది, ఎవరి చేతికి పడుతుంది అన్న లెక్కే లేదు. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో వాడే ‘తప్పనిసరి, ఉండాలి, ఉంటే మంచిది, ఇప్పుడొద్దు’ పద్ధతికి కూడా మీ ఏ, బీ, సీ గతే పడుతుంది, ఒక్క షరతు పెట్టకపోతే: తప్పనిసరి అన్నవన్నీ కలిపి ఉన్న సమయంలో 60 శాతం దాటకూడదు. ఆ షరతు ఆ పద్ధతిని నడిపేవాళ్లే పెట్టుకున్నది, మన దగ్గర వాడేటప్పుడు చాలామంది దాన్ని వదిలేస్తారు.

అర్జంటుకు ఎక్కువ రేటు తీసుకోవచ్చా అన్నారు. తీసుకోవచ్చు, అయితే ఖాళీగా ఉంచిన ఆ ఒక్క జాగాకే. ఆ రేటు వెనక్కి జరిగిన బండి నష్టం కంటే తక్కువ కాకూడదు, పై లెక్కలోంచే ఆ అంకె వస్తుంది. వచ్చిన అదనంలోంచి వెనక్కి జరిగిన పార్టీకి బిల్లులో తగ్గించి, ఎందుకు తగ్గించామో బిల్లు మీదే రాయండి. మొదటి 15 రోజులు ఈ రేటు జోలికి పోకండి. 11 బండ్లు ఆరుకు దిగాక, అద్దాల మీది కాగితాలు చూసి పెయింటర్ వారానికి నిజంగా ఎన్ని రోజులు గన్ పడుతున్నాడో తెలిశాక పెట్టండి.